తోటకు కొట్టినట్టే గేదెకూ

ఆగిరిపల్లి దగ్గర మా ఎదురింటాయన ఇరవై ఏళ్లుగా మామిడి తోటలు కౌలుకు చేస్తున్నాడు. పూత మీద తేనెమంచు పురుగు కనబడితే ఆయన పద్ధతి ఒకటే. పురుగుమందుల కొట్టువాడు ఇచ్చిన రెండు మూడు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టిస్తాడు. పురుగు రాలితే ఆపేస్తాడు, రాలకపోతే మందు మారుస్తాడు. దీన్ని అనుభవం అంటాడు. పత్రికలో పనిచేసిన రోజుల్లో ఇలాంటి అనుభవజ్ఞుల మాటలు ఫోటోలతో సహా ఎన్నో అచ్చు వేయించాను కాబట్టి, నాకు ఆయన్ని తప్పుపట్టే అర్హత కొంచెం తక్కువే.

మొన్న వేసవిలో కోతలు మొదలైన వారం వాళ్ల గేదెకు పొదుగువాపు వచ్చింది. ఒక చన్ను గట్టిపడి, పాలు విరిగి పడుతున్నాయి. ఆ గేదె ఆయన భార్యది. దూడప్పటి నుంచి ఆమే పెంచింది. తోట ఒక ఏడాది కాస్తే ఒక ఏడాది ఎగ్గొడుతుంది. ఇల్లు గడిచేది ఆ పాల మీదే. ఆమె పశువుల ఆసుపత్రి నుంచి డాక్టరమ్మను పిలిపించింది. ఆ అమ్మాయి రోజుకొకటి చొప్పున ఐదు రోజులు ఇంజెక్షన్ చేయాలని, వాపు తగ్గినా మధ్యలో ఆపొద్దని, తాను చెప్పేదాకా ఆ పాలు ఎవరికీ పోయొద్దని కాగితం మీద రాసి మరీ ఇచ్చింది.

రెండో రోజుకు వాపు తగ్గింది. ఆయన ఇంజెక్షన్ మాన్పించాడు. పురుగు పోయాక తోటకు మందు కొడతామా అని భార్యను అడిగాడట. ఆమె కాగితం చూపిస్తే, ఆ పిల్ల ఎన్ని గేదెల్ని చూసుంటుందని నవ్వాడట.

నాలుగో రోజు పొద్దున, మాకు పాలు మళ్లీ ఎప్పుడు పోస్తారో కనుక్కుందామని వెళ్లాను. వాపు తిరగబెట్టింది, ముందుకంటే ఎక్కువగా. డాక్టరుకు ఫోన్ చేద్దామని భార్య అంటుంటే, ఆయన పశువుల మందుల కొట్టులో తెచ్చిన రెండు మందులు ఒకే సిరంజిలోకి లాగుతున్నాడు. లోపల మందు తెల్లగా విరిగింది.

"రెండూ కలపొచ్చా అండీ?" అన్నాను.

"మీ పేపరోళ్లకి అన్నీ డౌట్లే. డ్రమ్ములో కలిసినవి సిరంజిలో కలవవా?"

సిరంజిని బాగా ఊపి గేదె మెడలో పొడిచాడు. నేను ఖాళీ క్యాను పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు భార్యే డాక్టరమ్మను మళ్లీ రప్పించింది. ఆ అమ్మాయి చన్ను పిండితే చీము నీళ్లు వచ్చాయి. ఆమె ఎవర్నీ తిట్టలేదు. "ఇది ఇక ఎండిపోయినట్టేనమ్మా. మిగతా మూడూ నిలబెట్టుకుందాం" అంది.

ఈసారి ఐదు రోజులూ భార్య దగ్గరుండి ఇంజెక్షన్ చేయించింది. మూడు చన్నులు దక్కాయి.

ఆయన టీ కొట్టు దగ్గర డాక్టరు మందు పడకే చన్ను పోయిందని చెప్తున్నాడు. ఇళ్లలో గేదెలున్నవాళ్లే తలలూపుతున్నారు. ఇంటి దగ్గర మాత్రం అలా కుదరడం లేదు. మొన్న గేదెకు జ్వరంగా ఉన్నట్టుందని ఏదో సీసా తెస్తే, భార్య పాక గుమ్మంలోనే ఆపేసింది.

"మీ మందులు తోటకి కొట్టుకోండి. ఇటు రాకండి."

మాకు పోసే లీటరు పాలు ఇప్పుడు ముప్పావు లీటరు అయ్యాయి. ఎందుకు తగ్గాయని నేను అడగలేదు.