మా ఆయన, ఆయన ఎసిటైల్

మా ఆయన పోయిన కబురు కూడా నాకంటే ముందు హైస్కూలుకే తెలిసింది. పొద్దున ఇంత సంగటి తిని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిన మనిషి, ప్రయోగశాలలో బల్ల పక్కన కూలబడి అక్కడే కన్నుమూశారు. తెలుగు పంతులుగారు మా గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, మీరు ఒకతూరి స్కూలు దాకా రావల్ల" అని తల దించుకోగానే నాకు అర్థమైపోయింది. ఏడుపుకంటే ముందు నాకేమనిపించిందో చెబితే మీరు నవ్వుతారో, తిడతారో! ఆఖరికి ప్రాణం కూడా దాని దగ్గరే వదిలాడు కదా ఈ మనిషి, అనిపించింది.

'అది' అంటే రసాయనశాస్త్రం. ఆయన హోసూరు హైస్కూల్లో సైన్సు పంతులు. సైన్సు మొత్తంలో ఎసిటైల్ అనే ముక్క మీద ఆయనకు ప్రాణం. రెండు కార్బన్లు, మూడు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. అంతేనట! అది వెళ్ళి ఇంకో పదార్థాన్ని అంటుకుంటే ఆ పదార్థం గుణమే మారిపోతుందట. అలా అంటించడం పేరు ఎసిటైలేషన్. ఆయన దగ్గర చదివినవాళ్ళు నాలుగు మాటలు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. సవతి గురించి రాసినట్టుంటే ఏమీ అనుకోకండి. ఇన్నేళ్ళ కాపురంలో నేను తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. ఆయన మనసులో దాని పక్కన నాకు కాస్తయినా చోటుందా, లేదా?

ఏటా ధనుర్మాసం వస్తే ఆయనకు పండగ. పరీక్షల్లో రాకపోయినా సరే, పై తరగతి పిల్లల చేత తలనొప్పి మందు ఆస్పిరిన్ చేయించేవారు. దానికి మంచుగడ్డ కావాలి. ఆ రోజుల్లో మా ఊళ్ళో మంచుగడ్డ ఎక్కడిది? అందుకని చలి బాగా ముదిరేదాకా ఆగి, నా వంటింట్లోని నీళ్ళకుండను రాత్రంతా ఆరుబయట పెట్టి, తెల్లారగానే చంకనెత్తుకుని వెళ్ళేవారు.

"బాగా చల్లబడే కుండ నాకు అదొక్కటే ఉండాది. దాన్ని కూడా తీసుకోనిపోతా ఉండారా?" అని అడ్డం నిలబడేదాన్ని.

"అది బాగా చల్లబడతాదనే కదమ్మే తీసుకోనిపోయేది" అనేవారు, నన్నేదో మెచ్చుకున్నట్టు.

సాయంత్రం కుండతో పాటు ఆయనా, ఊరగాయల్లో పోసే సిరకాలా పుల్లటి వాసన కొడుతూ వచ్చేవారు. కుండను గడప దాటనిచ్చేదాన్ని కాదు. ఆయన్ను దాటనివ్వక తప్పదు కదా! ఆ రోజు ఆయన ముఖం చూడాలి. సీసాలో ముందు ఏమీ కనబడదట. గాజుపుల్లతో లోపలి గోడను గీకుతూ ఉంటే ఉన్నట్టుండి తెల్లగా పలుకులు కడతాయట. "గీకండి, వస్తాది" అన్నది ఆయన ఊతపదమైపోయింది. కొళాయి రాకపోయినా అదే మాట, మజ్జిగలో వెన్న తేలకపోయినా అదే మాట. నేను అలిగి మాట్లాడకపోతే మాత్రం ఆయన ఏ పుల్లా పట్టుకునేవారు కాదు.

ఇక ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. అంచెట్టి వైపు కొండల్లో మేకలు మేపుకునేవాళ్ళ బిడ్డ. ఊరికి బస్సులేదని మా ఇంట్లోనే పెట్టుకుని చదివించారు. మంచి పిల్ల. పనికి ముందుండేది, నన్ను అక్కా అనేది. అయినా నా కడుపు మండేది. ఎందుకు మండదు? ఇద్దరికీ సంగటి పెట్టి, నెయ్యి వేసి, బాగుందనే మాట కోసం ఎదురుగా కూర్చుంటే ఆయన ఆ పిల్ల వైపు తిరిగి, "చూడమ్మా, ఈ సంగటి గానీ ఈ నెయ్యి గానీ, ఒంట్లో కాలిపోయేముందు ఎసిటైల్ ముక్కగా మారిపోవల్సిందే" అనేవారు. చేసిన చెయ్యి నాది, పేరు ఆ ఎసిటైల్‌ది!

"నాకూ చెప్పండి, వింటాను" అని ఒకసారి నోరు తెరిచి అడిగాను. "నీకెందుకమ్మే ఆ కష్టం" అని చెయ్యి కడుక్కున్నారు. ఆ మాట నన్ను చాలాకాలం గుచ్చింది. ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని, మరీ అంత మట్టిబుర్రనా?

ఆయన పోయిన మూడోనాడు ఆ అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చింది. అక్కడ మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. వంటింట్లో నా పక్కన కూలబడి, నాకంటే గట్టిగా ఏడ్చింది. నేనింక ఓర్చుకోలేకపోయాను.

"నీకేమమ్మా, అంతా నీకే చెప్పినాడు. దాంట్లో సగమన్నా నాకు చెప్పినాడా?"

ఆ పిల్ల ఏడుపు ఆపి నన్ను వింతగా చూసింది. "సార్ మీకు చెప్పలేదా అక్కా? ఆస్పిరిన్ పాఠం మీ మిందనే కదా చెప్పేది!"

"నా మిందనా?"

పొయ్యిలోంచి ఒక బొగ్గుముక్క తీసి నేల మీద ఆరు మూలల గీత గీసింది. పక్కన రెండు కొమ్మలు పెట్టింది. "ఇది సాలిసిలిక్ యాసిడ్. నొప్పి తీసేస్తాది గానీ నోరు, కడుపు మండిస్తాది. ఈ కొమ్మ చివర హైడ్రోజన్ పోయి ఎసిటైల్ వచ్చి కూర్చుంటే ఆ మంట తగ్గతాది, మందు గుణం పోదు. సార్ ఏమనేవారంటే, 'పెండ్లికి ముందు నేనూ ఈ యాసిడ్ మాదిరే. ఎవురు దగ్గరికొచ్చినా మండించేవాణ్ణి. మా ఇంటామె వచ్చి పక్కన కూర్చున్నాక మనిషినైనాను' అనేవారు."

వాకిట్లో కూర్చున్న మగవాళ్ళలో ఒకడు, ఎప్పుడో చదివి వెళ్ళినవాడు, "మాకూ అట్లే చెప్పినారమ్మా" అన్నాడు. ఇంకొకడు తలూపాడు. ఆ పక్కవాడూ ఊపాడు. ఎన్ని ఏళ్ళుగా, ఎంతమందికి! వీళ్ళందరికీ తెలుసు. నాకు తెలియదు. ఒళ్ళు మండిపోయింది. ఆ ఒక్క ముక్క నాతో అనడానికి ఆ మనిషికి ఏం రోగం?

"నేను యాడుండాను దీంట్లో?" అని అడిగాను.

"ఈడ అక్కా" అని ఆ పిల్ల నా వేలు పట్టుకుని ఆ కొమ్మ చివర ఆనించింది.

కర్మకాండ అయ్యాక మా ఆడబిడ్డ ఇల్లు అలకడానికి పేడనీళ్ళు తెచ్చింది. వంటింట్లో బొగ్గుగీతలున్న ఆ చోటు మాత్రం వదిలెయ్యమన్నాను.