వియ్యంకుడు వేసిన బ్రేకులు

ఆళ్లగడ్డ నతానియేలుకు కారు రిపేరు చేయించుకోవడమంటే చుట్టాలింటికి పోయి రావడమే. నంద్యాలలో నూనెపల్లె దాటినాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు పెట్టుకున్న మెకానిక్ శాంతయ్య ఆయనకు వియ్యంకుడు. ఒక్కగానొక్క కూతురు ఎలిజబెత్‌ను శాంతయ్య కొడుకు జీవన్ కుమార్‌కు ఇచ్చిన నాటి నుంచి నతానియేలు కారు ఇంకో షెడ్డు గడప తొక్కలేదు. తొక్కితే ఇంకేమన్నా ఉందా! ఇంట్లో మెకానిక్‌ను పెట్టుకుని బయటివాడి చేత బోల్టు బిగించుకున్నాడంటే, ఆదివారం ఆరాధన ముగిసేలోపు ఆ మాట సంఘమంతా తిరిగొస్తుంది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నతానియేలు మాత్రం ఏళ్ల తరబడి ఆ చెట్టు మందే వాడుతున్నాడు. కారు రోగం తగ్గిందీ లేదు, ఆయన మానిందీ లేదు.

వయసులో ఉండగా ఆయన ఒక పెద్ద రైతు దగ్గర ట్రాక్టరు తోలాడు. తర్వాత నాపరాళ్ల లారీ ఎక్కాడు. నడుము పట్టేసి లారీ దిగాక, ఎలాగో తంటాలు పడి ఈ పాత తెల్ల కారు కొనుక్కున్నాడు. నంద్యాల స్టేషనులో రైలు దిగిన భక్తులను అహోబిలం తీసుకుపోవడం, ఆళ్లగడ్డ రోగులను నంద్యాల ఆసుపత్రులకు చేర్చడం, ఇదే బతుకు. ఇన్నేళ్లలో ఆయన బండి కింద కోడిపిల్ల కూడా పడలేదు. నతానియేలు కారంటే కళ్లు మూసుకుని ఎక్కొచ్చు అనే పేరొక్కటే ఆయన సంపాదించిన ఆస్తి. భక్తులు నరసింహస్వామికి దండం పెట్టుకుని ఎక్కేవాళ్లు, ఈయన యేసయ్యను తలుచుకుని తాళం తిప్పేవాడు. కింద బ్రేకు మాత్రం ఈ మధ్య ఎవరి మాటా వినడం మానేసింది.

అది ఒక్కరోజులో వచ్చిన జబ్బు కాదు. మొదట సైలెన్సరు ఊడితే శాంతయ్య కట్టుతీగతో కట్టి పంపాడు. కిటికీ అద్దం దిగడం లేదంటే తలుపు విప్పాడు. అద్దం దిగింది గానీ, ఆ తలుపు మళ్లీ లోపలి నుంచి తెరుచుకుంటే ఒట్టు. స్టీరింగు బాగు చేశాక బండి ఎడమకు తిప్పినప్పుడల్లా హారను దానంతటదే మోగేది. కంటి డాక్టరు దగ్గరకు నెలనెలా పోయే కమలాక్షమ్మ ఒకరోజు వెనక సీటులోంచి అడగనే అడిగింది.

"ఏందప్పా నతానియేలూ, అరుస్తాండేది నీ కారా, నేనా?"

"కారేలే అమ్మా. ముసిల్దయిపాయ," అని నవ్వేశాడు. ముసలిది కారు కాదని, దాన్ని విప్పిన చేతులకు శ్రద్ధ లేదని చెప్పడానికి నోరు రాలేదు.

అలాగని శాంతయ్య చెడ్డవాడేమీ కాదు. పని తప్ప ఆయన దగ్గర అన్నీ మంచివే. సంఘంలో పెద్ద. వియ్యంకుడు వచ్చాడంటే షెడ్డు వదిలి కోడికూర తేవడానికి పరిగెత్తేవాడు. కోడలిని కూతురిలా చూసుకునేవాడు. కూలి తీసుకోమంటే చెవులు మూసుకునేవాడు. "నీ కాడ దుడ్లు తీస్కుంటే నా నోట్లో మన్ను పడదా బావా!" అనేవాడు. ఊరికే చేసిన పనికి వంక పెట్టేదెవరు? అందులోనూ పిల్లనిచ్చినవాడు. షెడ్డులో వియ్యంకుడి ముఖం మాడిందంటే ఆ మాడు వంటింట్లో కూతురు తినే కూటికి అంటుకుంటుందని నతానియేలు భయం. అందుకే కుక్కిన పేనులా ఉండి, కోడికూర తిని, కూతురి తల నిమిరి, కట్టుతీగ కట్టిన కారెక్కి వచ్చేసేవాడు. గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే మరి.

ఎగువ అహోబిలం నుంచి దిగుతుంటే ఒకసారి బ్రేకు పెడలు నేలకు ఆనింది. రెండు మూడు తొక్కులు తొక్కాక గానీ పట్టలేదు. వెనక భక్తులు కొబ్బరిచిప్పలు కొరుక్కుంటూ కబుర్లాడుకుంటున్నారు. నతానియేలు చొక్కా వీపుకు అంటుకుపోయింది. వాళ్లను దించి నేరుగా నంద్యాల పోయాడు. శాంతయ్య చక్రాలు విప్పి, ఏవో మార్చి, మళ్లీ బిగించాడు. వచ్చే దారిలో శిరివెళ్ల దగ్గరే పెడలు మళ్లీ కిందికి పోయింది. తిరిగి పోయాడు. ఈసారి శాంతయ్య తానే కారెక్కి సందు చివరి దాకా తోలాడు. అక్కడ బుద్ధిగా ఆగింది పాడు కారు.

"బాగానే పడ్తాండాయే! ముసిల్దయింది నీ కాలు బావా, కారు కాదు," అని పకపకా నవ్వాడు.

నతానియేలూ నవ్వాడు. నవ్వినందుకు దారిపొడుగునా తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ తర్వాత కొండ బాడుగలు మానుకున్నాడు. ఎవరైనా అడిగితే నడుం నొప్పనేవాడు. మైదానం రోడ్డు మీద కూడా ముందు లారీకి ఫర్లాంగు దూరాన, గేర్లు దించుకుంటూ, చేతి బ్రేకు మీద ఒక చేయి వేసి తోలేవాడు. ఇల్లు చేరేసరికి ఒళ్లు హూనమయ్యేది. వెనకటికి లారీ నిండా రాళ్లు వేసుకుని తెల్లవార్లూ తోలినా అంత అలసట ఎరగడు.

"ఇంగోని కాడ సూపియ్యరాదాయ్యా? ఆళ్లగడ్డలో షెడ్లే ల్యావా?" అంది భార్య సువార్తమ్మ.

"బిడ్డ ఆడుండాది సువార్తా."

"బిడ్డ ఆడుండాదని మనం పైకి పోదామా?"

కాన్పు కానీలే, తర్వాత చూద్దాంలే అన్నాడు. అప్పుడే తట్టింది ఇద్దరికీ. ఎలిజబెత్‌కు నెలలు నిండొస్తున్నాయి. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. పిల్లను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు తెచ్చుకోవాల్సింది ఈ కారులోనే.

"బాడుగ కారు పెట్టుకుని పోదాం," అంది సువార్తమ్మ.

"సొంత కారు పెట్టుకోని బాడుగ కారులో దిగితే, ఏందని అడగడా? ఏం సెప్పాల?"

"ఉండేది సెప్పు."

ఉన్నది చెప్పడమే ఆయనకు కొండెక్కినంత పని. చివరికి ఒకటి అనుకున్నాడు. పిల్లను ఎక్కించకముందే చక్రాలు మళ్లీ విప్పించాలి. బ్రేకులు పడడం లేదు బావా, అని ముఖం మీదే అనెయ్యాలి. కోపమొస్తే రానీ. పొద్దున్నే బయలుదేరి, సువార్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఎడ్లబండి కంటే కాస్త జోరుగా తోలుకుంటూ, దారంతా ఆ ఒక్క మాటే నోట్లో తిప్పుకున్నాడు.

శాంతయ్య ఇంట్లో భోజనాలయ్యాయి. జీవన్ కుమార్ తన భార్య పెట్టెలు తెచ్చి వసారాలో పెట్టాడు. శాంతయ్య లేచి, కళ్లు మూసుకుని, కోడలి తల మీద చేయి పెట్టి ప్రార్థన చేశాడు. ఈ బిడ్డ ప్రయాణంలో చక్రం చక్రానికీ నీ దూతలను కావలి ఉంచు ప్రభువా, అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నతానియేలు అందరికంటే గట్టిగా అన్నాడు.

తర్వాత వియ్యంకుడి వైపు తిరిగాడు. "బావా, కారు సంగతి ఒక మాట..."

వాకిట్లో హారను మోగింది. మెరిసిపోతున్న బాడుగ కారొకటి వచ్చి ఆగింది.

"నేనే పిలిపించినా బావా," అన్నాడు శాంతయ్య, తువ్వాలు దులుపుకుంటూ. "కోడలు ఒట్టి మనిషి కాదు గదా. నీ కారులో వద్దులే. ఆ బ్రేకులు అంత నమ్మకం ల్యా."

నతానియేలుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కనున్న కుర్చీ పట్టుకున్నాడు.

"నీకు తెల్సునా బావా?"

"తెల్సేదేముంది, పాత బండి గదా. నువ్వు మెల్లగా తోల్తావు. నీకేం గాదులే."

నీకేం గాదులే. కమలాక్షమ్మకూ ఏం కాదు. కొబ్బరిచిప్పలు కొరికే భక్తులకూ ఏం కాదు. పొద్దున ఆ కారులోనే పక్కన కూర్చుని వచ్చిన సువార్తమ్మకూ ఏం కాదు. నవ్వుతూ కాలు ముసలిదన్నాడే! నతానియేలు కోపం తెచ్చుకుందామని చూశాడు. అంత ఓపిక కూడా ఆయనలో మిగల్లేదు. జేబులోంచి కారు తాళం తీసి శాంతయ్య ముందుకు చాపాడు.

"అట్లయితే నువ్వు తోలుకోని రా బావా. మా యెనకాల్నే, మెల్లగా. నీకూ ఏం గాదులే."

శాంతయ్య చేయి ముందుకు రాలేదు. తువ్వాలుతో వేళ్లు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్లే మళ్లీ తుడుచుకున్నాడు. జీవన్ కుమార్ తండ్రి వంక చూసి తల దించుకున్నాడు. నతానియేలు తాళాన్ని కుర్చీలో పెట్టి, కూతురి పెట్టెలు అందుకుని బయటికి నడిచాడు.

ఆడవాళ్లిద్దరూ వెనక కూర్చున్నారు. ఆయన ముందు సీటులో, డ్రైవరు పక్కన కూర్చున్నాడు. కారు నంద్యాల దాటింది.

"నాయనా," అంది ఎలిజబెత్ మెల్లగా. "కారు ఆడ్నే ఇడ్సి వస్తిమే. మామ ఏమనుకుంటాడో."

"అనుకోనీ తల్లీ. రేపు నిన్నేమన్నా అంటే నాకు సెప్పు. ఈతూరి నేను నోరు మూసుకోను."

శిరివెళ్ల దగ్గర ఒక బర్రె రోడ్డుకు అడ్డం పడింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఒక్కసారే తొక్కాడు. కారు ఉన్నచోట ఉన్నట్టే ఆగింది. బర్రె తీరిగ్గా దాటిపోయింది. నతానియేలుకు ఏడుపు ఆగలేదు. చిన్నపిల్లాడిలా రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

"ఏమైంది నాయనా?" అని ఎలిజబెత్ వెనకనుంచి భుజం పట్టుకుంది.

"ఏం ల్యా తల్లీ," అన్నాడు. "బండి నిలబడింది."