సర్పిన్ చూసిన నెలపొడుపు

సర్పిన్ ఉప్పు మడుల మనిషి. ఆకాశం వంక చూడటం ఆ పనిలోనే ఉంది. వాన పడిందంటే వారం కష్టం నీళ్లపాలే. కానీ చంద్రుణ్ణి బట్టి సాగే ప్రతి నెలా ఇరవై తొమ్మిదో నాటి సాయంత్రం సముద్రపుటొడ్డు గుట్టెక్కి, నెలపొడుపు కోసం పడమటికి చూడటం మాత్రం ఎవరూ పురమాయించిన పని కాదు. పండగ నెలలకైతే ఖాజీ గారూ, దుర్భిణీలూ, జనమూ వస్తారు. మిగతా నెలల్లో ఆయన ఒక్కడే.

ఇరవై రెండేళ్ల కిందట ఆ గుట్ట మీదే ఆయన పరువు పోయింది. నెలవంకను చూశానని అప్పటి ఖాజీ ముందు ప్రమాణం చేశాడు. తీరా లెక్క చూస్తే, ఆ రోజు సూర్యుడికంటే ముందే చంద్రుడు దిగిపోయాడు. సర్పిన్ చూసింది ఒరిగిన పడవ తెరచాప అంచు! అప్పటినుంచీ ఊళ్లో ఆయన పేరు తెరచాప చందమామ. ఆ మాట అన్నవాళ్లతో భార్య మర్సిని వీధిలోకొచ్చి పోట్లాడేది. ఆమె పోయాక ఆయన తరఫున పోట్లాడే దిక్కు కూడా లేదు. కళ్లు పూర్తిగా మసకబారేలోగా ఒక్కసారి తన సాక్ష్యం చెల్లాలి. ముసలాయన కోరిక అంతే.

మొన్న రంజాన్ ఆఖర్న గుట్ట నిండా జనం. పట్నం నుంచి వచ్చిన పంతులమ్మ ఇల్మా దుర్భిణీ సరిచేస్తూ మాటల్లో పడింది.

“ఆకాశం ముందు మన భూమి ఎంతనుకున్నారు తాతా? మీ మడిలో ఉప్పు గల్లంత కూడా ఉండదు.”

“మరి నేనో?”

“మీరసలు కనపడరు.”

“ఊళ్లోనూ అంతేలే అమ్మా,” అని నవ్వాడు. నవ్వాడే గానీ, ఆ మాట లోపల గుచ్చుకుంది.

పొద్దు గుంకింది. పడమరంతా మబ్బు. దుర్భిణీకి ఏమీ దొరకలేదు. అంతలో మబ్బు సందున, రెప్పపాటు, తెల్లటి దారప్పోగు లాంటిది సర్పిన్ కంటబడింది. ఆయన ఉలికిపాటు ఖాజీ గమనించాడు.

“ఏం సర్పిన్, కనపడిందా? లెక్క ప్రకారం ఇవాళ చంద్రుడు ఉన్నాడు.”

“అవునను మామా!” అని పక్కింటి తార్వి కేకేసింది. “కొబ్బరాకు బుట్టల్లో అన్నం ఉడికిపోయింది. పండగ ఎల్లుండంటే పాచిపోయి చస్తుంది!”

“ప్రమాణం చేస్తావా?” అన్నాడు ఖాజీ.

సర్పిన్ చెయ్యెత్తాడు. చూసింది కళ్లా, కోరికా? ఇన్నేళ్లుగా కోరుకున్న మాట నాలుక చివరనే ఉంది. చెయ్యి దించేశాడు.

“లేదండి. చూశానని చెప్పలేను.”

ఊరంతా మరో రోజు ఉపవాసం ఉంది. “అప్పుడు లేనిదాన్ని చూశాడు, ఇప్పుడు ఉన్నదాన్నీ చూడలేడు,” అని తార్వి గిన్నెలు ఎత్తిపడేసింది.

మరుసటి నెల ఇరవై తొమ్మిదిన గుట్ట మీద పురుగు లేదు. ఆ నెలకు పండగా లేదు, పబ్బమూ లేదు. సర్పిన్ కాళ్లకు ఉప్పు చారలతోనే ఎక్కాడు. ఒంటరితనం అలవాటైందనుకున్నాడు గానీ, ఆ సాయంత్రం మర్సిని మరీ గుర్తొచ్చింది.

పొద్దు గుంకాక, తేటగా, సన్నగా నెలవంక. కళ్లు నులుముకున్నాడు. సముద్రం మీద పడవ ఉందేమోనని ఈ చివరనుంచి ఆ చివరిదాకా వెతికాడు. ఒక్కటీ లేదు. నెలవంక మెల్లగా కిందికి జారుతూనే ఉంది.

ఎవరూ చూడకపోయినా చంద్రుడు పొడుస్తాడు. ఆ సంగతి ఆయనకు తెలియదా? అయినా, ఈ నెల వచ్చిందని భూమ్మీద ఒక్క మనిషైనా నిజం చెప్పాలని ఆయన పట్టుదల.

సర్పిన్ చెయ్యెత్తాడు. తన పేరూ, తండ్రి పేరూ పైకే చెప్పాడు. “నెలవంకను చూశాను. దేవుడి మీద ప్రమాణం.”

“సాక్ష్యం చెల్లింది,” అని ఖాజీ అనవలసిన మాట కూడా తనే అనుకుని, దారి కనపడుతుండగానే గుట్ట దిగాడు.