బావ ఆకురాయి అరిగిన రోజు

మా బావకి ఆకురాయి పిచ్చి. మామూలు పిచ్చి కాదు. కనబడిన ప్రతి వస్తువునీ ఓ మూల ఇనుము అరగదీసే ఆ పనిముట్టుతో జర్రుమని గీసి, గీత పడితే "మెత్తన" అనీ, ఆకురాయి జారితే "పర్లేదు" అనీ తీర్పు చెప్పందే ఆయనకి అన్నం సహించదు. "పర్లేదు" అన్నది ఆయన నోట వచ్చే అతి పెద్ద బిరుదు.

అక్కతో సంబంధం కుదిరాక మొదటిసారి మా ఇంటికొచ్చి, నాన్న నమస్కారం పెడుతుండగానే తలుపు గడియ గీశాడు. "మెత్తన," అన్నాడు. నాన్న చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. పెళ్ళయిన నెల్లోనే గరిటెలూ, కత్తెరా, కుట్టుమిషనూ అన్నీ తీర్పులు పొందాయి. "ఈ ఇంట్లో గీత పడనిది నా మొహం ఒక్కటేరా," అనేది అక్క.

నేను కొత్త వాచీ కొన్నాక ఆయన ఎదురుపడితే చెయ్యి జేబులో పెట్టేసేవాణ్ణి.

"చేతికేమైందిరా?"

"ఏం లేదు బావా, చలి."

ఆ మాట నేనన్నది కొలిమి పక్కన నిలబడి.

మేం పనిచేసేది గేర్లకి గట్టిదనం పట్టించే షెడ్డు. బావ ఫోర్‌మన్, నేను ఆయన ఉద్యోగం వేయించిన ఆపరేటర్ని. గేర్లని బొగ్గుపొడి పెట్టెల్లో పూడ్చి, ఎర్రటి కొలిమిలో ఎనిమిది గంటలు ఉంచితే పళ్ళ పైపొర బొగ్గుని పీల్చుకుంటుంది. తర్వాత నూనెలో ముంచితే పైన రాయిలా గట్టిపడుతుంది. ప్రతి లోడుతోనూ రెండు మూడు చిన్న ఉక్కుముక్కలు కూడా వేస్తాం. ఒకదాన్ని విరిచి చూస్తే పొర ఎంత లోతు దిగిందో తెలుస్తుంది.

ఇక నా నిర్వాకం. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఓ గురువారం మంగలి షాపులో కబుర్లలో పడి లోడు మూడు గంటలు ఆలస్యంగా పెట్టాను. సాయంత్రం మాత్రం ఠంచనుగా వాచీ చూసుకుని తీసేశాను. అవి బరువులెత్తే క్రేనుకి వెళ్ళే గేర్లు. పొర పల్చనైతే పళ్ళు రాలి, బరువు ఎవడి నెత్తినో పడుతుంది. అది తెలిసి కూడా రిజిస్టర్లో ఎనిమిది గంటలని రాశాను. అక్కడితో ఆగానా? అంతకుముందు సోమవారం లోడులో మిగిలిన మంచి ముక్క తెచ్చి, గురువారానిదని బావ చేతిలో పెట్టాను.

శుక్రవారం బావ దాన్ని విరిచి, భూతద్దంతో చూసి, ఓ గేరు పన్ను మీద ఆకురాయి లాగాడు. పొర పల్చనైనా పైన గట్టిదే కదా, జారింది. "పర్లేదు," అన్నాడు. హమ్మయ్య, బతికిపోయాననుకున్నాను.

తర్వాతి సోమవారం వెళ్ళేసరికి పంపేయాల్సిన గేర్లు మళ్ళీ కొలిమిలో ఉన్నాయి. ఓనరు అరుస్తున్నాడు.

"డెలివరీ ఆపిందెవరయ్యా?"

"నేనేనండి," అన్నాడు బావ. "నా ఆకురాయి అరిగిపోయింది, మెత్తవాటి మీదా జారుతోంది. దాన్ని నమ్మి సరేననేశాను."

షెడ్డంతా నోళ్ళు తెరిచింది. ఇరవై ఏళ్ళుగా "మనుషులు అబద్ధం చెప్తారు, ఆకురాయి చెప్పదు" అంటూ తిరిగిన మనిషి, నలుగురిలో దాని పరువు తీశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఓనరు వెళ్ళాక బావ దగ్గరికెళ్ళాను. నేను నోరు విప్పేలోపే ఆ విరిగిన ముక్క నా చేతిలో పెట్టాడు.

"కొలిమిలో పెట్టకముందే ముక్కల మీద గీతలు పెడతాన్రా. సోమవారానికి ఒకటి, గురువారానికి నాలుగు. మొన్న విరిచేటప్పుడు చూసుకోలేదు. లెక్కపెట్టు."

ఒకటే ఉంది.

"మరి నా పేరెందుకు చెప్పలేదు బావా?"

"నీ ఉద్యోగం పోతే ఇంకోటి ఎవడిస్తాడు? ఆకురాయి పోతే కొట్లో దొరుకుతుంది." ముక్క తిరిగి లాక్కుని, "ఇంకోసారి చేశావో, ఈసారి గీసేది నిన్నే!"

తిన్నగా ఓనరు గదికెళ్ళి జరిగిందంతా చెప్పేశాను. ఆయన కాగితాల్లోంచి తలెత్తలేదు.

"ఆయన ఆకురాయి అరిగిందంటే ఎవడు నమ్ముతాడయ్యా? నువ్వెప్పుడొస్తావా అనే చూస్తున్నా. ముందెళ్ళి ఆ రిజిస్టరు దిద్దు."

దిద్దాను. ఎనిమిది కొట్టేసి ఐదని రాస్తుంటే చెవులు కాలిపోయాయి.

మర్నాడు కొత్త ఆకురాయి కొని బావకిచ్చాను. ఆయన జేబులోంచి పాతది తీసి కొత్తదాని మీద జర్రున లాగాడు. "పర్లేదు."

నేను జేబులోంచి చెయ్యి తీసి, వాచీతో సహా ఆయన ముందు పెట్టాను.

"చలి తగ్గిందా?"

"కానివ్వు బావా."

జర్రు. "మెత్తన."

ఆ గీత ఇప్పటికీ ఉంది. టైము చూసుకున్నప్పుడల్లా ముందు సిగ్గేస్తుంది, ఆ తర్వాత నవ్వొస్తుంది. లోడు మాత్రం మళ్ళీ ఆలస్యం కాలేదు.