ఒటియెనో గ్లాసు

నా మోకాలి నొప్పికి మా ఆవిడ ఆవనూనెలో వెల్లుల్లి వేసి కాచినప్పుడల్లా, ఆ ఘాటు వాసన వెంటే ఒటియెనో వచ్చేస్తాడు. మ్యాచికి ముందు అతను ఇదే నూనె పిక్కలకు పట్టించుకుంటూ, ముక్కు నలుపుకుని పెద్దగా నవ్వేవాడు. కెన్యా దేశస్థుడు. చదువుకని మన దేశానికొచ్చి, చదువుకన్నా బంతినే ఎక్కువ నమ్ముకుని, డెబ్బైల చివర్లో జంషెడ్‌పూర్ చేరి మా బర్మామైన్స్ పేట ఫుట్‌బాల్ జట్టుకు ఆడాడు. అంత మంచి ఆటగాడు మా గల్లీ జట్టుకు దొరకడం మా అదృష్టం. మేం దొరకడం అతని దురదృష్టం అని ఇప్పుడనిపిస్తుంది.

నేను కెప్టెన్‌ని. బంతి కాలికి తగిలితే చాలు, తల దించుకుని గుడ్డెద్దులా పరుగెత్తేవాణ్ణి. "బంతి ఎక్కడికీ పోదు కెప్టెన్, మనుషుల్ని చూడు" అన్నాడొకసారి, ఇంగ్లీషూ హిందీ కలగలిపి. నా తల దిగకుండా అరచెయ్యి గడ్డం కింద ఆనించి, మైదానమంతా నాతోపాటు పరుగెత్తాడు. అలా ఎన్ని సాయంత్రాలు నాకోసం ఖర్చుపెట్టాడో! ఆ ఆట వల్లే తరవాత నాకు ఉద్యోగం వచ్చింది. ఇవాళ తింటున్న అన్నంలో అతని చెయ్యి ఉంది.

జట్టులో దాదాపు అందరం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలమే. మా నాన్నలు ఊళ్లెందుకు వదిలేశారో వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు. గోల్‌కీపర్ సూరిబాబు వాళ్లమ్మ బిందెతో మంచినీళ్లు పంపేది. చెంబు ఒకటే, అందరం ఎత్తిపోసుకుని తాగేవాళ్లం. ఒటియెనో వచ్చిన కొత్తలో ఓ రోజు ఆ చెంబుకు పెదాలానించి గటగటా తాగేశాడు. మర్నాడు సూరిబాబు ఒక స్టీలు గ్లాసు తెచ్చి, మైదానం పక్కనున్న షెడ్డు వెనక వెదురు గుంజకు బోర్లించాడు.

"సెంబుకి నోరెట్టీసినాడురా ఆడు. మాయమ్మ ఒప్పుకోదు, ఏటి సేత్తాం? ఇది ఆడికి ఏరేగా ఉండనీ" అన్నాడు.

నేను "సర్లే" అన్నాను. కెప్టెన్‌ని కదా, నా సెలవు కావాలి మరి!

ఒటియెనో ఆ గ్లాసును ఎండలో తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నాకోసమేనా? మా ఇంట్లో సొంత గ్లాసు మా నాన్నొక్కడికే ఉంటుంది" అని సూరిబాబు చెయ్యి పట్టుకుని ఊపేశాడు. రోజూ దాన్ని ఇసుకతో తోమి మెరిపించేవాడు. అది మర్యాద కాదు, వెలి అని చెప్పాలని ప్రతిరోజూ అనుకునేవాణ్ణి. అనుకుని, బంతి పుచ్చుకుని మైదానంలోకి నడిచేవాణ్ణి.

ఒకసారి కలకత్తా క్లబ్బు నుంచి ఓ పెద్దమనిషి అతని ఆట చూడ్డానికి వచ్చాడు. ఒటియెనో చదువు గడువు ముగియవస్తోంది. కలకత్తావాళ్లు తీసుకుంటే ఆటగాడవుతాడు, లేదంటే బంతిని మరిచిపోయి ఇంటికెళ్లాలి. ఆ రోజు నేనందించిన బంతిని తలతో గోల్లోకి కొట్టి, నన్ను భుజాల మీదికెత్తుకున్నాడు.

మ్యాచయ్యాక కెటిల్లో టీ వచ్చింది. ఒటియెనో ఎవరూ చెప్పకుండానే పరుగున వెళ్లి తన గ్లాసు కడిగి, నిండా టీ పోసి, రెండు చేతులతో పెద్దమనిషికి అందించాడు. తన దగ్గరున్న విలువైన వస్తువు అదే మరి.

"సార్, ఉస్‌మే నహీ! వో ఇస్‌కా హై!" అని అరిచాడు సూరిబాబు, అందులో వద్దు, అది వీడిదంటూ.

పెద్దమనిషి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, మట్టికప్పు అందుకున్నాడు. ఒటియెనో మా ముఖాలు ఒక్కొక్కటీ చూశాడు. అందరం నేలచూపులే. అతను ఆ టీ తానే తాగి, గ్లాసు కడిగి, గుంజకు బోర్లించి వచ్చాడు.

ఇంటికెళ్లే దారిలో అడిగాడు. "నీకు తెలుసా కెప్టెన్?"

"తెలుసు."

నాలుగు తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

కలకత్తావాళ్లు అతన్ని తీసుకున్నారు. పేపర్లో ఫోటోలు పడ్డాయి. కొన్నాళ్లకు వాళ్ల జట్టు మాతో స్నేహపూర్వకంగా ఆడటానికి వచ్చింది. మైదానం కిటకిటలాడింది. మా నాన్న కూడా డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. ఆట ముగిశాక ఒటియెనో దాహమంటూ మావైపు వచ్చాడు. ఈసారి సూరిబాబే పరుగెత్తి చెంబు తెచ్చాడు. "తాగు భాయ్, ఇందులోనే తాగు" అన్నాడు బతిమాలుతున్నట్టు.

ఒటియెనో చెంబు ముట్టుకోలేదు. నడుం వంచి, దోసిలి పట్టి నావైపు చూశాడు.

"ఇలా వద్దు" అన్నాను.

"విడిగా తాగడం అలవాటైంది కెప్టెన్, నీళ్లు పొయ్యి" అన్నాడు మెల్లగా. అందులో కోపం లేదు. చెంబు తీసుకుని నేను పోశాను. వేళ్ల సందుల్లోంచి కారిపోతున్న నీళ్లనే తాగి, నా భుజం తట్టి బస్సెక్కాడు. మళ్లీ నాకు కనబడలేదు.

నాన్న ఇదంతా చూశాడు. ఇద్దరం కలిసి ఇంటికొచ్చాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అన్నాడు.

"మా అయ్య మనూర్ల పెద్దిళ్ల ముందర ఇలాగే వంగి తాగీవోడురా. అది సూణ్నేక ఇక్కడికొచ్చీసినాను."

నాన్న ఉన్నన్నాళ్లూ మళ్లీ ఆయన కళ్లలోకి సూటిగా చూడలేకపోయాను. ఇప్పటికీ ఎవరైనా దాహమని మా గుమ్మంలోకొస్తే, చెంబు వాళ్ల చేతిలో పెట్టి గబగబా ముఖం తిప్పుకుంటాను. ఎక్కడ దోసిలి పడతారోనని భయం.