నాలుగో మనిషికి కట్టిన పన్ను

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ చులకన. అలాంటివి నమ్మాలంటే చాలా తీరిక ఉండాలి, కొంత పిరికితనం కూడా ఉండాలి. మా ఇంట్లో ఆ రెండూ ఎవరికీ లేవు. ఊరి దొరలుగా మావాళ్ళు కట్టుకున్న గడీ వెనక బావిలో ఏదో ఉందని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెప్పుకునేవారు. మేం ఆ బావి నీళ్ళే తాగి పెరిగాం. తర్వాత భూములు పోయాయి, గడీ పోయింది. ఆఖరికి గడీ తలుపులను కూడా ఎవరో కొనుక్కుపోయి హైవే పక్కన హోటలుకు బిగించుకున్నారు. అదంతా మనుషులు చేసిందే. దయ్యాల చెయ్యి అందులో ఏమీ లేదు.

కాబట్టి దీన్ని నేను దయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

అప్పుడు నేను జర్మనీలో, ఇల్మెనౌలో ఎమ్మెస్ చదువుతున్నాను. కరోనా రెండో వేసవి. నెలల తరబడి గదిలో ఒంటరిగా కూర్చుని ల్యాప్‌టాప్‌లో పాఠాలు విన్నాక నిబంధనలు కొంచెం సడలించారు. అద్దె గదులు మళ్ళీ తెరిచారు. నా తరగతిలోనే చదివే ఇద్దరు హార్ట్స్ కొండలకు పోదామన్నారు. ఒకడు ప్రవీణ్, జగిత్యాల వైపు పల్లెటూరివాడు. ఇంకొకడు జాషువా, కాకినాడవాడు. ఇద్దరూ నన్ను దొర అని పిలిచేవారు. ఎగతాళికే పిలిచేవారు. నేను మాత్రం మామూలుగానే పలికేవాణ్ణి, ఎందుకంటే ఆ పిలుపు నాకు కొత్తది కాదు.

పొదుపు వేరు, కక్కుర్తి వేరు. ప్రవీణ్‌ది రెండోది. ఒకే టికెట్టు మీద ఐదుగురు రోజంతా చిన్న రైళ్ళలో తిరగొచ్చు. మేం ముగ్గురమే కాబట్టి, మిగిలిన రెండు చోట్లకు ఎర్‌ఫుర్ట్ స్టేషన్లో ముక్కూ మొహం తెలియని ఇద్దరిని పట్టుకొచ్చి వాళ్ళ దగ్గర వాటా వసూలు చేశాడు. రైల్లో ఎవరో వదిలేసిన ఖాళీ సీసాలు ఏరి సంచిలో వేసుకున్నాడు. వాటిని సూపర్‌మార్కెట్టు మిషన్లో పడేస్తే చిల్లర వస్తుందట. సామానులో రైస్ కుక్కర్, బియ్యం, మామిడికాయ పచ్చడి. జాషువా దారి పొడవునా చల్లారిన పులిహోర తిన్నాడు. మాస్కు కిందికి లాగడం, ఒక ముద్ద పెట్టుకోవడం, మళ్ళీ పైకి లాగడం. ఎదురుగా కూర్చున్న జర్మన్ ముసలావిడ లేచి వేరే పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

మరి వాళ్ళతో ఎందుకు వెళ్ళావంటే, విడిగా వెళ్ళే స్తోమత నాకూ లేదు. ఆ మాట వాళ్ళకు చెప్పలేదు.

గది క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌లో. చెక్కపలకలు కొట్టిన పాత ఇల్లు, అందులో కప్పు కింది గది. కింద ఇంటామె ఒక్కతే ఉండేది. మా గదికి పక్కనుంచి వేరే మెట్లున్నాయి. ఆ మెట్లు చూసే ప్రవీణ్ ఆ గది ఎంచాడు. ఒక్క మనిషికి బుక్ చేసి ముగ్గురు దూరడం అతని ఆలోచన. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా చేసే పనే. పైగా అప్పుడు వేర్వేరు ఇళ్ళవాళ్ళు ఒకే గదిలో ఉండకూడదన్న నిబంధన ఉంది. మేం ముగ్గురం మూడు హాస్టళ్ళలో ఉండేవాళ్ళం. పట్టుబడితే జరిమానా, ఆ తర్వాత వీసా దగ్గర ఏం అడుగుతారో ఎవరికీ తెలియదు.

"దొరా, నీ పేరు మీద పెట్టు," అన్నాడు ప్రవీణ్. "నీ పేరు పొడుగుంటది. గా పేరు చూసి పెద్దమనిషే అనుకుంటది ఇంటామె."

నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది. అన్నీ పోయాక మాకు మిగిలింది ఆ పేరొక్కటే. దాని కింద అబద్ధం ఉందని అంతవరకూ ఎవరూ వేలెత్తి చూపలేదు. అయినా, ఒక్కరికి గది కావాలన్నానే గానీ ఒక్కణ్ణే వస్తానని నేను ఎక్కడా చెప్పలేదు కదా, వస్తాననే కదా చెప్పింది అని సర్దిచెప్పుకున్నాను. కానీ తాళంచెవి ఇస్తూ ఇంటామె, మీరొక్కరేనా అని సూటిగా అడిగింది. అవునన్నాను.

చీకటి పడకముందే మిగతా ఇద్దరూ చెప్పులు చేతిలో పట్టుకుని పక్క మెట్లెక్కి వచ్చేశారు.

కరోనా మూలంగా ఇంటామె బల్ల మీద ఉదయం తిండి పెట్టడం మానేసింది. బుట్టలో సర్ది మా తలుపు బయట పెట్టి వెళ్ళేది. మొదటి రోజు బుట్టలో ఒక మనిషికి సరిపడా ఉంది. రెండు గుండ్రటి రొట్టెలు, ఒక ఉడికించిన గుడ్డు, కాస్త చీజ్. ప్రవీణ్ ఆ గుడ్డును దారంతో మూడు ముక్కలు కోశాడు. నా వాటా నాకొద్దన్నాను. అది కూడా తనే తిన్నాడు.

ఆ రోజంతా కొండల్లో తిరిగాం. ఎప్పుడో గనుల కోసం తవ్విన చెరువులు ఊరి చుట్టూ ఉన్నాయి. దుకాణాల నిండా చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మలు. చదువుకున్న దేశం, వీధి వీధినా మంత్రగత్తెలను అమ్ముకుంటోంది. ముగ్గురం కలిసే వెళ్ళాం, కలిసే తిరిగొచ్చాం. గదికి తాళం వేసింది నేను. తాళంచెవి రోజంతా నా జేబులోనే ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మర్నాడు మా తిరుగు ప్రయాణం. తలుపు తీసిన జాషువా బుట్ట పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"దొరగారండీ, ఒకసారి ఇటు చూడండి."

పెద్ద బుట్ట. అందులో నాలుగు గుడ్లు, నాలుగు కప్పులు, ఎనిమిది రొట్టెలు.

"తెల్సిపోయింది," అన్నాడు జాషువా. "అయిపోయామండి."

"తెలిస్తే మూడు పెట్టాలె గదా, నాలుగెందుకు పెడ్తది?" అని ప్రవీణ్ ఒక గుడ్డు అందుకున్నాడు. "లెక్క రాని ముసల్దున్నట్టుంది. తినుర్రి, సల్లారుతయ్."

ఆ రొట్టెల వంక నేను చూడలేకపోయాను. ఆమెకు తెలిసింది. తెలిసీ తిట్టలేదు, మున్సిపాలిటీకి ఫోన్ చేయలేదు, తిండి పెట్టింది. తిట్టి ఉంటే భరించేవాణ్ణి. నా పేరు ఆమె నోట్లో ఏమైపోతుందో అన్నదొక్కటే నన్ను కోసింది. చొక్కా మార్చుకుని, మాస్కు పెట్టుకుని కిందికి వెళ్ళాను.

ఇంటామె గుమ్మంలో నిలబడే మాట్లాడింది. నేను జర్మన్‌లో సిద్ధం చేసుకున్న వాక్యం చెప్పాను. గదిలో ఉన్నది ఒక్కణ్ణి కాదు, ముగ్గురం అని.

"నలుగురు," అందామె.

"ముగ్గురం."

ఆమె ముఖం గట్టిపడింది. "నిన్న మధ్యాహ్నం మీ పెద్దాయన వచ్చి అంతా చెప్పాడు. ఇప్పుడు ఆయన్నే లెక్కలోంచి తీసేస్తున్నారా?"

ఏ పెద్దాయన అని అడిగాను. నేను మళ్ళీ బొంకుతున్నానన్నట్టు చూసి, విసుగ్గానే వర్ణించింది. సన్నటి మనిషి, బాగా ముసలివాడు. మోకాళ్ళ దాకా తెల్లటి బట్ట, భుజం మీద ఇంకో బట్ట. పక్క మెట్ల మీంచి దిగి తోట దారిలో నడిచి వచ్చాడు. కంకర గుచ్చుకుంటుంది, చెప్పులు వేసుకోండని ఆమె చెప్పినా వేసుకోలేదు, చేతిలోనే పట్టుకున్నాడు. గుమ్మం దాకా రాలేదు, మెట్టు కిందే ఆగిపోయాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మాట్లాడబోయే ముందు భుజం మీది బట్ట తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఎలా పెట్టుకున్నాడో ఆమె చేత్తో చేసి చూపించింది. నడుం కొంచెం వంచి, తల పక్కకు తిప్పి, అరచేత్తో బట్ట నోటికి అదిమి.

"మాస్కు లేదని అలా చేశాడు. ఎంత మర్యాద," అంది. "మీ నలుగురిలో నియమం పాటించింది ఆయనొక్కడే."

అది కరోనా మర్యాద కాదని ఆమెకు తెలియదు. తెలిసే వీలు లేదు. గడీ ముందు మనుషులు నిలబడే తీరు అది. మా ముత్తాత కాలంలో, మా తాత కాలంలో కూడా, వాళ్ళ ఊపిరి మాకు తగలకూడదని అలా నిలబడేవారు. నేను కళ్ళారా చూడలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకుంటే విన్నాను.

ఏం చెప్పాడని అడిగాను.

పైన ముగ్గురు పిల్లలున్నారని చెప్పాడట. గది తీసుకున్నవాడిదే తప్పట. కానీ తప్పయిందని చెప్పడం అతనికి రాదు, వాళ్ళింట్లో ఎవరికీ రాదు, కాబట్టి అతని బదులు నేను చెబుతున్నాను, వెళ్ళగొట్టకండి అన్నాడట.

ఏ భాషలో చెప్పాడని అడిగితే ఆమె చెప్పలేకపోయింది. తనకు అర్థమైంది, అంతే అంది. ఆ తర్వాత నాలుగు తలలకు, రెండు రాత్రులకు ఊరి పన్ను కట్టాలని చెప్పింది. యాత్రికుల దగ్గర తలకింత అని తీసుకునే పన్ను అది. నోట్లే తీసుకుంటానంది.

ముగ్గురమే అని ఇంకోసారి చెప్పాను. ఆ ఇంట్లో నేను పలికిన నిజం అదొక్కటే, దాన్నే ఆమె నమ్మలేదు.

పైకి వెళ్ళి చెప్పాను. ప్రవీణ్ ముందు పన్ను దగ్గరే ఆగాడు.

"లేని మనిషికి పన్నేంది? దయ్యానికి గూడ టికెట్ కొట్టిస్తరా ఈళ్ళు?"

జాషువా కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. నేను మిగతాది చెప్పాను. చెప్పులు, మెట్టు, నోటికి అడ్డం పెట్టిన బట్ట. ఆమె చేసి చూపినట్టే చేసి చూపించాను. అలా నడుం వంచడం నాకు జీవితంలో అదే మొదటిసారి.

ప్రవీణ్ సగం తిన్న రొట్టె కింద పెట్టేశాడు.

"మా తాత గట్లనే నిలబడేటోడంట," అన్నాడు. "మా ఊరి గడీ కాడ. మా నాయన చెప్తుండె. ఆయన పన్ను నేను కడ్త."

నాకు కోపం వచ్చింది. ఆ ముసలాయన వచ్చింది నా పేరు కోసం. నా పేరు కోసం వచ్చినవాడు మా ఇంటివాడే అవుతాడు. అదే అన్నాను. నాలుగో మనిషిది నేను కడతానన్నాను.

ప్రవీణ్ గొంతు పెంచలేదు.

"మీ తాత చెప్పులు చేత పట్టుకుంటడా, దొరా?"

నేను పర్సు తీశాను. అందులో నోట్లు లేవు. ఖాళీ సీసాలు ఏరుకునే ఆ మనిషి ప్యాంటు లోపలి జేబులోంచి మడత పెట్టిన నోట్లు తీసి, కిందికి వెళ్ళి నాలుగు తలలకూ కట్టి వచ్చాడు. బేరమాడలేదు. నా వాటా తర్వాత తీసుకున్నాడు. నాలుగోదాన్లో సగం ఇవ్వబోతే తీసుకోలేదు.

దీని గురించి చాలా ఆలోచించాను. ఆ ఇంట్లో వేరే అద్దెవాళ్ళు లేరు. ఇంటామె ప్రవీణ్‌తో అంతకుముందు ఒక్క మాట మాట్లాడలేదు, అసలు అతన్ని చూడలేదు. ఆ ఊళ్ళోనూ ఒక యూనివర్సిటీ ఉంది గానీ, అక్కడ చదివే మనవాళ్ళలో ముసలివాళ్ళెవరూ లేరు, అందులోనూ విమానాలు సరిగా తిరగని రోజుల్లో. ఎవరో ఆటపట్టించారనుకుందామన్నా, ఆ నిలబడే తీరు తెలిసినవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళోనే లేరు.

ప్రవీణ్‌కు ఏ అనుమానమూ లేదు. వచ్చింది తన తాతేనని అతని నమ్మకం. నమ్మనీ. కానీ అతని ఊరు వేరు, మా ఊరు వేరు. అతని తాత మా గడప ఎన్నడూ చూడలేదు. వాళ్ళింట్లో ఎవరికీ రాదన్న మాట, మా ఇంటిని దగ్గర నుంచి ఎరిగినవాళ్ళు తప్ప అనలేరు. మా గడీ ముందు అలా నిలబడిన ఎవరో అయ్యుండాలి. వాళ్ళెవరి పేర్లూ నాకు తెలియవు. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

అలా నిలబడినవాళ్ళకు మా మేలు కోరవలసిన అవసరం ఏమీ లేదు. మా పేరు మట్టిలో కలిస్తే సంతోషించే హక్కు వాళ్ళకుంది. మరి అంత దూరం వచ్చి, చెప్పులు చేతపట్టుకుని, నా తరఫున క్షమించమని ఎందుకు అడిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.