గోలీలో దొరికిన గంజి

తొమ్మిదేళ్లు జమ్ములమ్మను ఇంట్లో పనిదొంగ అన్నారు.

గద్వాలలో చీరలు నేసే ఇళ్లలో మగ్గం మీద నిలువుగా పరిచే పడుగు నూలు బిరుసెక్కడానికి గంజి పెట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. అత్తగారింట్లో అది మైదా గంజి. చేతికి తగిలితే జమ్ములమ్మకు దద్దుర్లు లేచేవి. పండక్కి పూరీ తింటే కడుపు ఉబ్బి నాలుగు రోజులు మంచం పట్టేది. అత్త రుక్కమ్మ నమ్మలేదు. “రొట్టె తింటే రాని రోగం గంజి ముట్టుకుంటెనే వస్తదా?” అని పదిమందిలో ఎత్తిపొడిచేది. తాను తినేది జొన్నరొట్టె అనీ, మైదా గోధుమలోంచి వస్తుందనీ వాదించకుండా, జమ్ములమ్మ చేతులకు నూనె రాసుకుని ఆ గంజే పెట్టింది. చివరికి భర్త కురుమూర్తే మైదా మాన్పించి బియ్యపు గంజి పెట్టించాడు. ఆమె గోధుమ పూర్తిగా మానేసింది. ఒళ్లు కుదుటపడింది.

1992 ఎండాకాలంలో మూర్ఛలు మొదలయ్యాయి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే పడిపోయింది. నుదురు చిట్లింది. దవాఖానలో రోజుకు రెండు గోలీలు రాశారు. మూర్ఛలు ఆగాయి, కానీ నెల తిరక్కముందే పాత కడుపునొప్పి, పాత దద్దుర్లు మళ్లీ వచ్చాయి. గోధుమ ముట్టలేదని చెబితే డాక్టరు నవ్వి, మనసు రోగమన్నాడు. గోలీ మానేస్తే మగ్గం మీదే పడిపోతుంది. వేసుకుంటే మగ్గం దగ్గర కూర్చునే శక్తి ఉండదు. ఎటు చూసినా మగ్గం చేజారేలా ఉంది.

ఒక పొద్దున తడి చేతిలో గోలీ నాని మెత్తబడింది. గంజి పెట్టే ఆడవాళ్లకు ఒక అలవాటుంది: పదును చూడటానికి గంజిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వేళ్లు విడదీస్తారు. జమ్ములమ్మ వేళ్లు తెలియకుండానే ఆ పని చేశాయి. అక్కడే ఆగిపోయింది. తెలిసిన జారుడు అది. ఇంకో గోలీ నలిపి, గరిటెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది.

“ఏందే, గోలీల చారు చేస్తున్నవా?” అన్నాడు కురుమూర్తి.

“చారు గాదు. గంజి.”

దాన్ని నూలు పోగుకు పట్టించి ఆరబెట్టింది. పోగు బిరుసెక్కింది.

ఆ పోగు పట్టుకుని మందుల దుకాణం రాజమౌళి దగ్గరికి వెళ్లింది. గోలీలో మందే ఉంటుంది కానీ గంజి ఎక్కడిదని ఆయన తీసిపారేశాడు. “అన్నా, చిన్నప్పటికెల్లి నా చేతులు గంజిలనే ఉన్నయ్. నాకు తెల్వదా?” అంది. అదే మందు చేసే మరో రెండు కంపెనీల గోలీలు అడిగి తీసుకుంది. మూడింటినీ వేర్వేరుగా ఉడికించింది. మూడు పోగులూ బిరుసెక్కాయి. అంటే మూడింటిలోనూ గంజి ఉంది. మరి ఏ గింజది? మూడింటినీ మోచేతి లోపలివైపు మూడుచోట్ల రాసుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఒక్కచోటే ఎర్రగా పొంగింది. అది తను రోజూ మింగే గోలీ.

మందు ఒకటే అయినప్పుడు తేడా మందులో లేదని ఆమెకు ఎవరు చెప్పారు? బడి ముఖం చూడని మనిషి. పెద్ద చదువులు చదివినవాళ్లు ప్రయోగశాలలో చేసే పనిని ఒక గరిటె, మూడు పోగులు, తన చర్మంతో చేసింది. ఇది విన్నాకే, ఆమె కథ రాసుకోవడానికి నేను గద్వాల వెళ్లాను.

రాజమౌళి చేత మూడు కంపెనీలకూ ఉత్తరాలు రాయించింది. ఒకటే ప్రశ్న: మీ గోలీలో గంజి ఏ గింజది? నలభై రోజులకు రెండు జవాబులు వచ్చాయి. గోలీ పొడిపొడి కాకుండా కలిపే గంజి, ఆమె మింగేదాంట్లో గోధుమది. రెండోది మొక్కజొన్నది. మూడో కంపెనీ పలకనే లేదు. డాక్టరు ఆ జవాబులు రెండుసార్లు చదివి, “ఈ ప్రశ్న నేనెప్పుడూ అడగలేదమ్మా” అన్నాడు. మొక్కజొన్న గంజి ఉన్న గోలీ రాశాడు.

నెలన్నరలో కడుపు నిమ్మళించింది. మూర్ఛలు మళ్లీ రాలేదు. దసరా ముందు నేను వెళ్లేసరికి జమ్ములమ్మ మగ్గం మీద ఉంది. రుక్కమ్మ తన కీళ్లనొప్పుల గోలీ కోడలి ముందు పెట్టి, “గిది జర నానబెట్టి చూడవే” అంటోంది. కోడలు పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపకుండా, “నీకు గోధుమ పడ్తది గదా అత్తా, మింగు” అంది.

ఆమె చేతి మీద గోలీ రాసుకుంటే పొంగిన చోట మచ్చ ఇంకా ఉంది. మందు పెట్టె మీద ‘గోధుమ గంజి’ అని రెండు మాటలు అచ్చేసి ఉంటే ఆ మచ్చ పడేది కాదు. అందుకే అడుగుతున్నాను. మీకు పాలో, గోధుమో, మరొకటో పడకపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మందు మాత్రం సొంతంగా మానకండి, ఆమెలా చర్మం మీద రాసుకోనూ వద్దు. దుకాణంలో అడగండి. తెలియదంటే, మీ మందులో మందు కాకుండా ఇంకేం కలిపారని కంపెనీకి ఈ వారమే ఒక కార్డు రాయండి. పెట్టె మీద అచ్చేసేదాకా రాస్తూనే ఉండండి.